తలకిందుల నెమలి

ఫోటో స్టూడియోల వాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. మొన్న బ్యాంకులో కొత్త ఫోటో తెమ్మన్నారని మా కోలారు పక్కనున్న తమకలో ఒక స్టూడియోకి వెళ్లాను. అక్కడి అబ్బాయి నన్ను ఒక్క మాటైనా అడక్కుండా నా ముఖం మీది ముడతలన్నీ కంప్యూటర్లో తుడిచేశాడు. చెంప మీది పుట్టుమచ్చను కూడా మరక అనుకున్నాడు కాబోలు, దాన్నీ తీసేశాడు. బ్యాంకులో అమ్మాయి ఫోటో చూసి, నన్ను చూసి, "అకౌంటు మీ అబ్బాయిదైతే ఆయనే రావాల సార్" అంది. నాకు అబ్బాయి లేడు.

మనిషిని అడక్కుండా అతని ముఖం శుభ్రం చేయడం నేరమని ఆ కౌంటరు ముందే తీర్మానించుకున్నాను. తిరిగి వస్తుంటే బస్సులో గుర్తొచ్చింది, ఈ విషయంలో నోరు విప్పే అర్హత ఉన్నవాళ్లలో నేను చాలా వెనక నిలబడాలని.

నా ఉద్యోగంలోని చివరి కొన్నేళ్లు కోలారులో ఇళ్లూ ఆఫీసులూ శుభ్రం చేసే ఒక చిన్న కంపెనీలో గడిచాయి. అంతకు ముందు ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉండేవాణ్ణి. అది మూతపడింది. ఇంగ్లీషు సాహిత్యంతో బీఏ చదివినవాడి కోసం యాభై దాటాక ప్రపంచమేమీ గుమ్మంలో నిలబడి ఎదురుచూడదు. కొత్త కంపెనీ నాకు 'ఫెసిలిటీ మేనేజర్' అని కార్డులు అచ్చు వేయించి ఇచ్చింది. మా అత్తగారు దాన్ని అనువదించి బంధువులందరికీ 'కసువు సూపర్‌వైజరు' అని చెప్పేది. మా వైపు కసువంటే చెత్త. అనువాదంలో తప్పేమీ లేదు.

మా ఓనరు కుర్రవాడు. బజారులో తరాలుగా కిరాణా అంగడి నడుపుతున్న కుటుంబం. అంగడిలో కూర్చోవడం ఇష్టంలేక, బెంగళూరులో ఇలాంటి కంపెనీలు చూసి వచ్చి ఇది పెట్టాడు. మంచివాడు, జీతం ఆపిన పాపాన పోలేదు. పనివాళ్లకు పెద్దదిక్కు, బంగారు గనుల ఊరైన ఊరిగాంనుంచి రోజూ బస్సెక్కి వచ్చే ఒకావిడ. మైనింగ్ కంపెనీ క్వార్టర్సులో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తమిళం, తెలుగు, కన్నడం ఒకే వాక్యంలో పెట్టి తిట్టగలదు. నన్ను మాత్రం తెలుగులోనే తిట్టేది. గౌరవం.

పని ఎలా చేసేవాళ్లమో చెప్పి విసిగించను. వేడినీళ్లు, సోడా, బ్రష్షులు, నడుము నొప్పి. కానీ ఒక పద్ధతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఏ ఇంటికి వెళ్లినా పని మొదలుపెట్టే ముందు ఒక ఫోటో, ముగిశాక ఒక ఫోటో తీయాలి. 'బిఫోర్', 'ఆఫ్టర్' అనేవాళ్లం. కంపెనీ ఫోన్లో ఊళ్లోవాళ్ల నంబర్లన్నీ ఉండేవి. ఆ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే జనం చూసి ఫోన్ చేసేవారు. ఓనరుకు వ్యాపారరహస్యం త్వరగానే అర్థమైంది. జనానికి శుభ్రమైన గది మీద ఆసక్తి లేదు. పక్కవాడి ఇల్లు ఎంత గలీజుగా ఉందన్నదే వాళ్లకు కావాలి. బిఫోర్ ఎంత ఘోరంగా ఉంటే అన్ని ఫోన్లు వచ్చేవి.

కాబట్టి బిఫోర్‌ను కాస్త అలంకరించేవాళ్లం. ట్యూబులైటు ఆర్పి పసుపు బల్బు వెలిగించడం, ఫ్రిజ్జు ముందుకు లాగి దాని వెనక గోడ కనిపించేలా చేయడం, మూసి ఉన్న అలమరాలు తెరిచి పెట్టడం. ఊరిగాం ఆవిడ మొదటిసారి ఈ తతంగం చూసి నడుముమీద చేతులు పెట్టుకుంది.

"ఫోటోకి పౌడరు కొట్టేది చూసినా సారూ. గలీజు కొట్టేది ఈడే చూస్తా ఉండాను."

ఫోటో కింద ఒక వాక్యం రాసే పని నాది. పళ్ల డాక్టరు ఒకాయన క్లినిక్కులో మూసుకుపోయిన వాష్‌బేసిన్ బాగుచేసినప్పుడు 'బేసిన్‌కు రూట్ కెనాల్ చేయబడింది' అని రాశాను. ఊళ్లో నలుగురూ నవ్వారు, డాక్టరుతో సహా. మెడికల్ అంగడిలో మందులు కొంటుంటే "రూట్ కెనాల్ సార్ మీరేనా?" అని ఎవరో అడిగారు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చదివిన సాహిత్యమంతా ఇన్నాళ్లకు ఒక దారి వెతుక్కుందని నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎంత ప్రమాదకరమో ఇప్పుడు ఇలా ఫోటోల కింద వాక్యాలు రాసే పనిలోకి వచ్చే మీలాంటి వాళ్లకు చెప్పాలనే ఇదంతా.

ఒకరోజు ఒకావిడ ఫోన్ చేసింది.

"అప్పా, ఇండ్లు కడిగేది మీరేనా?"

"మేమేనమ్మా."

"మీ బండి మీద పేరు రాసి ఉంటాదా?"

"పెద్దక్షరాలతో ఉంటుందమ్మా."

"అయితే దాన్ని మెయిన్ రోడ్డులోనే నిలిపేసి నడిచి రాండి. నేను ఓళిగలు చేసి అమ్మేదాన్ని. నా వంటిల్లు కడిగేదానికి కంపెనీవాళ్లు వచ్చినారంటే జనం ఏమనుకుంటారో నీకు చెప్పాలా?"

చెప్పనక్కరలేదు. ఆవిణ్ణి చూడకపోయినా ఆవిడ ఓళిగలు తినని వాళ్లు మా వైపు తక్కువ. కోస్తావాళ్లు బొబ్బట్లంటారే, అవే. పెళ్లిళ్లకూ నామకరణాలకూ గృహప్రవేశాలకూ ఆవిడ దగ్గరే చేయించేవారు. తమకలో ఇల్లు. వీధి తలుపు ఇంటికి, పెరటి తలుపు వ్యాపారానికి.

"మూడో కంటికి తెలియనివ్వనమ్మా," అన్నాను. మా కంపెనీ ఫోన్ వెనక మూడు కళ్లున్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆవిడ వంటిల్లు అలా ఎందుకైందో వెళ్లాక తెలిసింది. భర్తకు పక్షవాతం వచ్చింది. ఆయన్ను బెంగళూరు ఆసుపత్రిలో చేర్చి, అక్కడే బంధువుల ఇంట్లో ఉండి చాకిరీ చేసి, నెలల తరవాత తీసుకొచ్చింది. వెళ్లేటప్పుడు పొయ్యి మీదున్నది పొయ్యి మీదే వదిలేసి పోయింది. బెల్లం పాకం డబ్బా ఒరిగి గట్టంతా పారి, తారురోడ్డులా గట్టిపడింది. రాగిపిండి డ్రమ్ములో ఎలుకలు కాపురం పెట్టాయి. ఇక బొద్దింకలు. పొయ్యి వెనకనుంచి పలక తీస్తే గోడ కదులుతున్నట్టు అనిపించింది. ఊరిగాం ఆవిడ సైతం ఒక అడుగు వెనక్కి వేసింది.

"నా చేతిలో బలముంటే మిమ్మల్ని పిలుద్దునా," అంది ఓళిగలమ్మ. "ఆయన్ను ఎత్తీ దించీ నడుము పోయినాది. ఇంగ నాలుగు దినాలకి బైరకూరులో పెండ్లి ఉండాది. ఇన్ని నెలలకి మొదటి ఆర్డరు. ఇది బాగా జరిగితే ఇంగ మిగతావాళ్లూ వస్తారు. లేదంటే ఆయన మాత్రలకీ నేను ఎవరినో ఒకరిని అడుక్కోవాల."

హాల్లో మంచం మీదున్న భర్త నోరు ఒక పక్కకు లాగుతున్నా నవ్వి పలకరించాడు. వంటింట్లో గట్టు పైన పచ్చటి టైల్స్ మధ్య నెమలి బొమ్మ టైలు ఒకటుంది. తలకిందులుగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో దాన్ని ఆయనే అతికించాడట. పెరటి తలుపు దగ్గర ఆర్డరు కోసం నిలబడ్డవాళ్లకు ఎదురుగా కనిపించేది అదే.

"వచ్చినోళ్లంతా, అమ్మా నెమలి తలకిందులుగా ఉండాదే అంటారు," అంది ఆవిడ. "మా ఆయన తలకిందులుగా నిలబడి అతికించినాడు, ఆయనకి సరిగ్గానే కనిపించింది అంటాను."

నేను నవ్వాను. ఆ మాట బాగుందనిపించింది. నెమలి కూడా. పని మొదలుపెట్టే ముందు పసుపు బల్బు వెలిగించి ఫోటో తీశాను. రాగిపిండి డ్రమ్ము అడ్డంగా ఉందని ఊరిగాం ఆవిడ పక్కకు జరపబోతే, "ఉండనీ, మూత తీసిపెట్టు" అన్నాను. ఓళిగలమ్మ అప్పుడు హాల్లో భర్తకు గంజి తాగిస్తోంది.

సాయంత్రానికి వంటిల్లు మెరిసింది. గట్టు మీద ముఖం కనపడింది. ఊరిగాం ఆవిడ నెమలిని ప్రత్యేకంగా తోమింది. ట్యూబులైటు వేసి రెండో ఫోటో తీశాను. ఓళిగలమ్మ గడప మీద నిలబడి కాసేపు చూసి, "నా వంటిల్లు నాకు వచ్చేసినాది" అంది. మాకందరికీ కాఫీ ఇచ్చింది.

మర్నాడు ఆఫీసులో ఓనరు బిఫోర్ చూసి కుర్చీలోంచి లేచాడు.

"సార్! ఇది సూపర్ సార్. యాడిది ఇది?"

"చెప్పకూడదు. మాటిచ్చాను."

"పేరు వద్దు సార్. సుమ్నే, ఉత్త ఫోటో. మీరొక లైను రాసేయండి సార్, మీ లైను లేకుంటే పంచ్ రాదు."

నేను చాలా జాగ్రత్తపరుణ్ణి. గోడ మీది క్యాలెండరు కత్తిరించాను. గ్యాసు పుస్తకం మీద పేరు కనిపిస్తుందేమోనని పెద్దది చేసి మరీ చూసి, దాన్నీ కత్తిరించాను. నెమలిని ఉంచాను. నెమలి వల్ల ఫోటోకు అందం వచ్చింది. తరవాత బొద్దింకలను తలచుకుని కింద ఇలా రాశాను:

'ఇంట్లో ఉండేది ఇద్దరు. భోంచేసేది వేలమంది.'

రాసి, నాలో నేను నవ్వుకుని, స్టేటస్‌లో పెట్టాను. రెండో ఫోటో దాని వెనక పెట్టాను. ఆవిడ పిలిచిన సంగతిగానీ, ఇంటి సంగతిగానీ నేను ఎవరికీ చెప్పలేదు. ఆ అర్థంలో మాట తప్పలేదు.

ఫోన్లు మొదలయ్యాయి. ఓనరు ఆనందం పట్టలేకపోయాడు. ఆ ఫోన్లలో ఒకటి నాకు వచ్చింది. ఇల్లు శుభ్రం చేయించుకోవాలని, రేటు ఎంతని, ఒకావిడ అన్నీ అడిగి చివర్లో గొంతు తగ్గించింది.

"అది ఓళిగలమ్మ వంటిల్లే కదా సార్?"

"ఎవరమ్మా?"

"అయ్యో, దాచేదేముండాది సార్. నెమలి చూస్తానే కనుక్కుంటిమి. మా పాప నామకరణానికి ఆయమ్మ దగ్గరే తెచ్చినాము. ఊరంతా అక్కడే కదా తెచ్చేది. భోంచేసేది వేలమంది అని మీరు కరెక్టుగా రాసినారు."

నేను ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. రాసేటప్పుడు అందులో బొద్దింకలున్నాయి. ఇప్పుడు లేవు. పెళ్లి పంక్తుల్లో కూర్చుని, ఆవిడ చేసిన ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్న వేలమంది మనుషులున్నారు. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాణ్ణి, ఒక మాటకు రెండర్థాలుంటాయని పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినవాణ్ణి.

వెంటనే స్టేటస్ తీసేశాను. అప్పటికే జనం మొదటి ఫోటోను స్క్రీన్‌షాట్ తీసి ఒకరికొకరు పంపుకున్నారు. అపార్టుమెంట్ల గ్రూపులు, కులసంఘాల గ్రూపులు, నడకకు వెళ్లేవాళ్ల గ్రూపు. రెండో ఫోటోను ఎవరూ ఎవరికీ పంపలేదు. పంపడానికి అందులో ఏముంది, శుభ్రంగా ఉన్న ఒక గట్టు.

ఊరిగాం ఆవిడకు బస్సులోనే ఎవరో ఫోన్లో చూపించారట. వచ్చీ రాగానే నా బల్ల ముందు నిలబడింది.

"ఇంగ బోర్డు మార్చేయండి సారూ. ఇండ్లు కడగబడును, పరువు కూడా అని రాయించండి."

వాక్యం నాకన్నా బాగా రాసింది.

నిజంగా తలదించుకోవాల్సిన రోజు దాని మర్నాడు వచ్చింది. బైరకూరునుంచి ఒక పెద్దాయన కంపెనీకి ఫోన్ చేశాడు. పెళ్లికూతురి తండ్రి. మామిడితోట, నాలుగు పాడిపశువులు ఉన్న రైతు. నెమ్మదస్తుడు. మాట మాటకూ మధ్య ఆగి ఆలోచించి మాట్లాడుతున్నాడు.

"అప్పా, మా అల్లుడి కడవాళ్లు ఏదో ఫోటో పంపినారు. ఆయమ్మ వంటిల్లు అంటా ఉండారు. నాకు నమ్మకం కాలేదు. నా పెండ్లికీ ఆయమ్మే ఓళిగలు చేసినాది. అది ఆయమ్మది కాదని నువ్వు ఒక మాట చెప్పు. లేదూ, అప్పుడు అట్ల ఉండె, ఇప్పుడు మేము కడిగినాము, బాగుండాది అని చెప్పు. నీ పేరు చెప్పి అందరి నోర్లూ మూయిస్తాను. ఆర్డరు అట్లే ఉంటాది."

ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు జీవితంలో ఎవరూ పెట్టలేదు. జవాబు కూడా ఆయనే చెప్పాడు. 'బాగుంది, నేనే దగ్గరుండి కడిగించాను, ఆ గట్టు మీద వడ్డించినా తింటాను' అంటే చాలు. కానీ ఎదురుగా ఓనరు కూర్చుని ఉన్నాడు. ఎవరి ఇల్లో ఒప్పుకుంటే కంపెనీ మీద కేసు పడుతుందేమోనని ముందురోజంతా భయపడి, ఎవరడిగినా ఏం చెప్పాలో నాకు నేర్పి పెట్టాడు. నాకు కూడా, నిజం చెప్పాలంటే, ఆ ఫోటో తీసిన చెయ్యి నాదేనని ఒక రైతు దగ్గర ఒప్పుకోవాలనిపించలేదు.

"కస్టమర్ల వివరాలు మేము బయటపెట్టమండి," అన్నాను. "అది మా కంపెనీ నియమం."

అవతల ఎక్కడో ఆవు అరిచింది.

"సరే అప్పా. అర్థమయింది," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఊరంతా చూసిన వంటింటి గుట్టును నేను ఆ ఒక్క మనిషి దగ్గర కాపాడాను.

ఆర్డరు పోయిందని ఓనరుకు కూడా తెలిసింది. వాడు నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, "సార్, ఆయమ్మకి ఒక ఫ్రీ క్లీనింగ్ కూపన్ ఇచ్చి రాండి సార్" అన్నాడు. ఎగతాళి కాదు, వాడి దగ్గర ఉన్నదదే. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తమక వెళ్లాను. వీధి తలుపు తట్టే ధైర్యం లేక పెరటి వైపు వెళ్లాను.

తలుపు తెరిచే ఉంది. నెమలి తళతళలాడుతోంది. కింద గట్టు మీద పెద్ద పళ్లెంలో తడిగుడ్డ కప్పిన పూర్ణం ఉంది. మైదా ముద్ద నూనెలో నానుతోంది. ఆర్డరు వద్దని కబురు వచ్చేటప్పటికే పప్పు ఉడికిపోయిందట. ఓళిగలమ్మ పెనం ముందు కూర్చుని చేస్తూనే ఉంది.

"ఎవురే వచ్చింది?" హాల్లోంచి భర్త అడిగాడు.

"ఫోటోలాయన," అంది.

నేను చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. తప్పు నాదన్నాను. బొద్దింకల గురించి రాశానే తప్ప వేరే అర్థం లేదన్నాను. ఆ వివరణ నోటినుంచి వస్తున్నప్పుడే ఎంత అందంగా ఉందో నాకు తెలిసింది. కూపన్ సంగతి ఎత్తలేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆవిడ పెనం మీది ఓళిగ తిప్పింది. నెయ్యి వేసింది. పళ్లెంలో పెట్టి నా ముందుకు తోసింది.

"తిను."

పళ్లెం అందుకున్నాను. పొగలు వస్తున్నాయి. పలచటి పొరలోంచి పూర్ణం పసుప్పచ్చగా కనిపిస్తోంది. అంచు దగ్గర, ఆ పసుపు రంగులో, చిన్న నల్లటి చుక్క ఒకటి కనిపించింది.

నా చెయ్యి ఆగింది.

రెప్పపాటే. అది యాలక్కాయ గింజ. ఓళిగలో యాలక్కాయ గింజ ఉంటుందని పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ వంటింట్లో ఏ మూల ఎన్నిసార్లు తోమించానో నాకు తెలుసు. ఈ భూమ్మీద ఆ గట్టు శుభ్రంగా ఉందని ప్రమాణం చేసి చెప్పగలిగిన మనుషుల్లో నేనొకణ్ణి. అయినా ఆగింది. తల ఎత్తితే ఆవిడ నా చెయ్యి వైపే చూస్తోంది.

తిన్నాను. బాగుంది. గబగబా తిని, అక్కర్లేని తొందరతో ఇంకొకటి కూడా అడిగాను. పెట్టింది. దాన్నీ తిన్నాను. చేతులు తుడుచుకుని ఫోన్ తీశాను. రెండో ఫోటో తెరిచి ఆవిడ ముందు పట్టుకున్నాను. ట్యూబులైటు వెలుతురులో మెరిసే గట్టు, తోమిన నెమలి.

"ఇది పెడతానమ్మా. ఈసారి దాచేదేమీ లేదు. మీరు ఒప్పుకుంటే మీ పేరుతోనే పెడతాను. ఈ వంటిల్లు ఎంత శుభ్రంగా ఉందో ఊరంతా చూస్తారు."

ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. నా ఎదుట ఉన్న ఖాళీ పళ్లెం తీసుకుని తొట్టిలో వేసింది.

"వద్దులే అప్పా. ఆ రెండో ఫోటోని ఊర్లో ఎవురూ చూడలేదు. నువ్వూ చూడలేదు."